తొండి లేని ఆట

(ఒంగోలులో ఇంజనీరింగ్, డిగ్రీ విద్యార్థుల ముందు ఒక గేమ్ లెవెల్ డిజైనర్ చేసిన ప్రసంగానికి రాతప్రతి. మాట తీరు మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనక్కి వినపడుతోందా? గోడ పక్కన నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, ఇక్కడ చాపలు వేసున్నాయి.

మాది కొండపి దగ్గర పల్లె. పదకొండేళ్లుగా హైదరాబాదులో వీడియో గేములు తయారుచేసే పనిలో ఉన్నాను. అందులో నా వంతు లెవెల్ డిజైన్. ఆడేవాళ్లు నడిచే చోటు కట్టడం అన్నమాట. గోడ ఎక్కడుండాలి, తలుపు ఏ పక్కనుండాలి, మూల తిరగ్గానే ఏది కనపడాలి, ఏది కనపడకూడదు, ఇవన్నీ చూసుకోవాలి. మా అమ్మకి "మేస్త్రీ పనేనమ్మా, ఇటుకలుండవు, అంతే" అని చెప్పాను. ఆమెకి వెంటనే అర్థమైంది.

ఇవాళ నన్ను కష్టమైన ఆటల గురించి మాట్లాడమన్నారు. డార్క్ సోల్స్, బ్లడ్‌బోర్న్, సెకిరో, ఎల్డెన్ రింగ్. ఆడినవాళ్లు ఒకసారి చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. ఆడనివాళ్లు కంగారుపడొద్దు, తెలియాల్సింది నేను చెప్తూ పోతాను.

ముందు మీ అందరికీ తెలిసిన ఒక మాట పట్టుకుంటాను. తొండి. మా బజారులో చిన్నప్పుడు గోళీలాడేవాళ్లం. ఓడినవాడు ఏడ్చేవాడు, జేబు ఖాళీ చేసుకుని ఇంటికి పొయ్యేవాడు, మర్నాడు పొద్దున్నే వాళ్ల నాన్న దగ్గర రూపాయి అడుక్కుని మళ్లీ వచ్చేవాడు. ఎంత ఘోరంగా ఓడినా వచ్చేవాడు. కానీ ఎవడైనా కాలితో గోళీ జరిపాడనుకోండి, ఆట అక్కడితో ఆగిపోయేది. "తొండి, తొండి" అని అరుపులు. ఆ తర్వాత వాడితో వారం రోజులు ఎవరూ ఆడేవాళ్లు కాదు. కష్టాన్ని పిల్లలు భరిస్తారు, తొండిని భరించరు. నేను పదకొండేళ్లుగా ఈ పని చేస్తూ నేర్చుకున్నదంతా ఆ బజారు మాట చుట్టూనే తిరుగుతుంది. ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ అనే జపాను కంపెనీ తీసిన ఆటల్ని ప్రపంచమంతా కష్టమైన ఆటలంటుంది. నేను తొండి లేని ఆటలంటాను. ఆ కష్టం జనానికి ఎందుకు నచ్చిందో ఈ మాట లేకుండా చెప్పడం నావల్ల కాదు.

డార్క్ సోల్స్ 2011లో వచ్చింది. అందులో మొదటి పావుగంట ఎలా ఉంటుందో చెప్తాను. మీరొక పాడుబడ్డ బందీఖానాలో ఉంటారు. చేతిలో విరిగిన కత్తి. కత్తి కూడా కాదు, పిడి, దానికి రెండంగుళాల ఇనుము. పెద్ద తలుపు తోసుకుని ఒక విశాలమైన హాల్లోకి వస్తారు. పైనుంచి ఏనుగంత రాక్షసుడు దూకుతాడు. వాడి చేతిలో దూలమంత గద. మీరు ఆ పిడితో కొడితే వాడికి దోమ కుట్టినట్టు. రెండు దెబ్బలకి మీరు పోతారు. మళ్లీ వస్తారు. మళ్లీ పోతారు. అప్పుడు చూస్తారు, హాల్లో ఎడమ పక్కన ఒక తలుపు తెరిచి ఉంది. మొదట్నుంచీ తెరిచే ఉంది. పరుగెత్తి అందులో దూరితే వెనక ఊచల గేటు పడిపోతుంది. అవతల డాలు దొరుకుతుంది, సరైన ఆయుధం దొరుకుతుంది, చావుబతుకుల్లో ఉన్న ఒక సైనికుడు కనపడతాడు, గాయాలు మాన్పే సీసా ఇస్తాడు. ఇంకాస్త తిరిగితే అదే హాలుకి పైన, పిట్టగోడ దగ్గరకి చేరతారు. కింద ఆ రాక్షసుడు నిలబడి ఉంటాడు. ఈసారి పైనుంచి దూకేది మీరు, కత్తి వాడి నడినెత్తిన దిగుతుంది.

ఆ పావుగంటలో ఎవరూ పాఠం చెప్పలేదు. కానీ మీరు రెండు సంగతులు నేర్చుకున్నారు. గెలవలేని చోట పారిపోవడం సిగ్గు కాదని ఒకటి. రెండోది, పోరాటం ఎంత ముఖ్యమో చుట్టూ చూడటం అంత ముఖ్యమని. తలుపు దాచలేదు, చూడండి. ఎదురుగా గద పట్టుకున్నవాడుంటే మన కళ్లు వాడి మీదే ఉంటాయి కాబట్టి అది కనపడలేదు. నా ఉద్యోగంలో నేను రోజూ వాడుకునే పనిముట్టు ఇదే, మనిషి చూపు ఎటు పోతుందో ఆ లెక్క.

ఇక తొండి లేకపోవడం ఎలా ఉంటుందో చెప్తాను. డార్క్ సోల్స్ తొలిసారి వచ్చినప్పుడు సెకనుకి 30 ఫ్రేములు, అంటే తెర మీద వరసగా మారే 30 బొమ్మలు, నడిచేది. ఒక్కో ఫ్రేముకి దాదాపు 33 మిల్లీ సెకన్లు. మామూలు మనిషి కంటితో చూసి వేలు కదపడానికి పావు సెకను పడుతుంది. అంటే ఏడెనిమిది ఫ్రేములు. శత్రువు గద పైకెత్తిన క్షణానికీ, అది కిందపడే క్షణానికీ మధ్య అంతకంటే తక్కువ ఎడం ఉంటే దాన్ని చూసి తప్పించుకోవడం ఏ మనిషి వల్లా కాదు, ముందే ఊహించాలి. అప్పుడది లాటరీ. మా పనిలో ఆ ఎడాన్ని విండప్ అంటాం. ఈ ఆటల్లో పెద్ద శత్రువుల విండప్ గమనించండి. భుజం వెనక్కి పోతుంది, నడుం తిరుగుతుంది, కాలు నేల మీద ఊనుతుంది, ఆ తర్వాతే దెబ్బ. మా నాన్న గొడ్డలితో మొద్దు చీల్చేటప్పుడు కూడా అంతే, దెబ్బ ఎక్కడ పడుతుందో భుజం ముందే చెప్పేది. కొందరు శత్రువులు చెయ్యెత్తి ఒక క్షణం ఆగి కొడతారు, అది తొందరపడేవాళ్ల కోసం. ఆగడం కూడా మనకి కనపడుతుంది, అందుకే దాన్ని నేను తొండి అనను.

మీ వైపూ అంతే. కత్తి ఊపడం మొదలుపెట్టాక మధ్యలో ఆపలేరు. ప్రతి ఊపుకీ, ప్రతి పొర్లుకీ దమ్ము ఖర్చవుతుంది. తెర మీద పచ్చటి గీత తగ్గుతూ కనపడుతుంది. అది అయిపోయాక డాలు ఎత్తినా నిలవదు. అందుకే చచ్చిపోయినప్పుడు ఈ ఆటలు ఆడేవాళ్లు తరచుగా అనే మాట "ఆశపడ్డా" అని. ఇంకొక్క దెబ్బ వేద్దామని ఆశపడ్డా, దమ్ము లేదు, పోయా. ఆ మాట అన్నవాడు మళ్లీ ఆడతాడు.

ఒక పెట్టె గురించి చెప్పాలి. ఈ ఆటలో నిధి పెట్టెలుంటాయి, తెరిస్తే ఏదో ఒకటి దొరుకుతుంది. చాలాసేపు అలాగే అలవాటు చేస్తారు. సెన్స్ ఫోర్ట్రెస్ అని ఉచ్చుల కోట ఒకటుంది, అక్కడ ఒక పెట్టె తెరవబోతే అది నోరు తెరిచి మిమ్మల్నే మింగుతుంది. మొదటిసారి ఎవరికైనా గుండె ఆగినంత పనవుతుంది. నేనైతే చేతిలో కంట్రోలర్ పడేశాను. ఇది తొండి కదా అనిపిస్తుంది. అక్కడే ఆగకుండా ఆ పెట్టె ముందు ఊరికే నిలబడి చూడండి. మామూలు పెట్టెకి పక్కనున్న గొలుసు ముడుచుకుని ఉంటుంది. దీని గొలుసు చాచుకుని ముందుకి పడి ఉంటుంది. ఇంకాసేపు చూస్తే ఆ పెట్టె ఊపిరి తీసుకుంటుంది. తెలిశాక ఇక ఎప్పటికీ ఏ పెట్టె ముందైనా ఒక్క క్షణం ఆగుతారు. రెండు మూడు లింకుల గొలుసు ఎటు తిరిగి ఉందో చూసే కళ్లు మీకొచ్చాయి. దాచిపెట్టారు, నిజమే. కానీ గొలుసు అక్కడ ఉంచారు.

ఆ కంపెనీ వాళ్లు ఎప్పుడూ తప్పు చెయ్యలేదని నేననడం లేదు. అదే ఆటలో బెడ్ ఆఫ్ కేయాస్ అని ఒక బాసు, అంటే దాటితే తప్ప ముందుకి పోనివ్వని పెద్ద శత్రువు, ఉంది. అక్కడ మీ కాళ్ల కింద నేల కూలిపోతుంది, ఎప్పుడు ఏది కూలుతుందో చూసి తెలుసుకునే దారి సరిగ్గా లేదు. పక్కకి ఊడ్చేసే దెబ్బలు గుంటలోకి తోసేస్తాయి. రెండు పక్కలా పగలగొట్టాల్సినవి ఉంటాయి, ఒకటి పగలగొట్టి చచ్చిపోతే అది పగిలినట్టే మిగిలిపోతుంది, అందుకే ఎలాగోలా ముందుకి పోతాం. నేను ఆ చోటు దాటినప్పుడు సంతోషం కలగలేదు, పీడ వదిలిందనిపించింది. గెలిచిన తర్వాత కలిగే ఆ రెండింటి తేడా మీకు తెలిస్తే ఈ ప్రసంగం సగం అర్థమైనట్టే.

నేనూ తొండి చేశాను. ఒక స్టూడియోలో పనిచేస్తున్నప్పుడు పాత కోట లెవెల్ ఒకటి కట్టాను. ఒక నడవా, చివర్లో తాళం చెవి. చెవి తీసుకోగానే పైకప్పు రాళ్లు పడతాయి. చాలా బాగుందనుకున్నాను. బయటనుంచి ఆడి చూడటానికి వచ్చిన ఒకమ్మాయి కూర్చుంది. మేం అద్దం ఇవతల నుంచి చూస్తున్నాం. మొదటిసారి చచ్చిపోయింది, ఉలిక్కిపడింది. రెండోసారి నెమ్మదిగా నడిచింది, చచ్చిపోయింది. మూడోసారి పరుగెత్తింది. ఏడోసారి చచ్చిపోయాక కోపం రాలేదు ఆమెకి, అరవలేదు, కంట్రోలర్‌ని బోర్లా తిప్పి బల్ల మీద పెట్టింది. చాలా నెమ్మదిగా, చప్పుడు కాకుండా. ఆ బోర్లా పెట్టడం నాకు ఇప్పటికీ కళ్లముందుంటుంది. ఆమె ఆటని వదిలేసింది, నన్ను కూడా.

ఆ రాత్రి కూర్చుని మార్చాను. రాళ్ల బరువు తగ్గించలేదు, దెబ్బ తగ్గించలేదు. నడవా పైనుంచి సన్నగా దుమ్ము రాలేట్టు పెట్టాను. నేల మీద అంతకుముందు పడ్డ రెండు రాళ్లు, వాటి కింద నలిగిన ఒక మట్టి కుండ. అంతే. మర్నాడు వచ్చిన అబ్బాయి రెండుసార్లు చచ్చిపోయాడు, మూడోసారి కుండ దగ్గర ఆగాడు, తల ఎత్తి పైకి చూశాడు, "అబ్బా" అని నవ్వాడు. అదే ఉచ్చు, అదే చావు.

ఇప్పుడు చోటు గురించి. ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి, కాస్త ఎక్కువ సేపు చెప్తాను.

మా అమ్మమ్మగారిది ఉదయగిరి పక్కన. పదేళ్లప్పుడు మా మామ నన్ను కోట ఎక్కించాడు. ఆ కోట సంగతి మీకు తెలుసు. గజపతుల చేతిలో ఉన్న ఆ దుర్గాన్ని కృష్ణదేవరాయలు 1513లో ముట్టడించాడు, పట్టుకోవడానికి దాదాపు ఏడాదిన్నర పట్టింది. మనిషి వెనక మనిషి తప్ప నడవలేనంత ఇరుకైన దారి ఒక్కటే ఉండేదనీ, రాయలు దాన్ని వెడల్పు చేయించాడనీ, ఇంకా దారులు తొలిపించాడనీ పోర్చుగీసు వ్యాపారి నూనిజ్ రాశాడు. నాకప్పుడు ఇవేవీ తెలియవు. నాకు తెలిసిందల్లా ఎండ, కంపచెట్లు, పడిపోయిన గోడలు. ఒకచోట దారి మూడుగా చీలినట్టుంది. "మామా, ఎటు?" అన్నాను. మామ చెప్పలేదు. "రాయి చూసుకో అబ్బయ్యా. జనం కాలుపడ్డ రాయి నున్నగా ఉంటది, పడనిది గరుకుగా ఉంటది," అన్నాడు. వంగి చెయ్యి పెట్టి చూశాను. నిజమే. ఒక వరస రాళ్లు అరిచెయ్యికి నున్నగా తగిలాయి, మధ్యలో కాస్త గుంటపడి ఉన్నాయి. ఎన్ని వందల ఏళ్ల కాళ్లో. ఆ నునుపు పట్టుకుని నేను ముందు నడిచాను, మామ నా వెనక వచ్చాడు.

చాలాసేపు ఎక్కాక ఒక గోడ పగిలిన సందులోంచి కిందికి చూశాను. పొద్దున బయల్దేరేటప్పుడు టీ తాగిన బంకు రేకు ఎండకి మెరుస్తూ కనపడింది. నా కాళ్ల కిందే ఉన్నట్టుంది. అంతసేపూ ఎటో దూరం పోతున్నాననుకున్నాను, మొదలైన చోటు నెత్తికి ఎక్కాను. ఆ క్షణంలో కొండంతా ఒక్కసారి నా తలలోకి వచ్చేసింది. ఏ గోడ ఎటుందో, ఏ మలుపు తర్వాత ఏముందో తెలిసిపోయింది.

మళ్లీ అలాంటి క్షణం నాకు దొరికింది ఎన్నో ఏళ్ల తర్వాత, డార్క్ సోల్స్‌లో. ఫైర్‌లింక్ ష్రైన్ అని ఒక శిథిలం, అక్కడ నెగడు ఉంటుంది. అక్కణ్నుంచి బయల్దేరి కోటగోడలు, వంతెనలు, ఒక పెద్ద గుడి, గంటలకొద్దీ పోరాడుకుంటూ పోతారు. దగ్గరున్న మందు సీసాలు అయిపోతాయి. వెనక్కి పోదామంటే దూరం. భయం భయంగా ఒక లిఫ్టు ఎక్కుతారు, అది కిందికి దిగుతుంది, దిగుతుంది, ఆగుతుంది. తలుపు దాటి రెండడుగులేస్తే మళ్లీ అదే నెగడు, అదే సంగీతం. ఆ ఆటలో చాలా చోట్ల సంగీతమే ఉండదు. మీ అడుగుల చప్పుడు, గాలి, ఎక్కడో ఇనుము రాసుకున్న శబ్దం. అందుకే ఫైర్‌లింక్‌లో ఆ వాద్యం వినపడగానే ఇంటికొచ్చినట్టు అనిపిస్తుంది. మ్యాపు ఇవ్వరు. సగం ఆట అయ్యేదాకా ఒక నెగడు నుంచి ఇంకో నెగడుకి ఎగిరిపోయే సౌకర్యం కూడా ఇవ్వరు. నడవాలి. నడిచారు కాబట్టే ఆ లిఫ్టు మీ గుండెల్లో నిలిచింది. మ్యాపు చేతిలో పెట్టి ఉంటే అది ఒక లిఫ్టు మాత్రమే.

అదే ఫైర్‌లింక్‌లో మొదట మూడు దారులుంటాయి. శ్మశానం వైపు పోతే అస్థిపంజరాలు రెండు దెబ్బల్లో చంపేస్తాయి. కిందకి మునిగిన ఊరి వైపు పోతే దెయ్యాలు, మీ కత్తి వాటికి తగలనే తగలదు. అప్పుడు మూడోది చూస్తారు. ఆటలో ఎక్కడా "ఇటు పోవద్దు" అని బోర్డు లేదు, ఆ అస్థిపంజరాలే బోర్డు. ఎల్డెన్ రింగ్‌లో, 2022లో వచ్చిందది, బయటికి అడుగుపెట్టగానే పచ్చటి మైదానంలో బంగారు కవచం తొడుక్కున్న రౌతు తిరుగుతుంటాడు. కొత్తవాళ్లు పోయి తలపడి చస్తారు. వాడి పక్కనుంచి ఎంత చోటుందో, చుట్టూ తిరిగి పోవచ్చు. పది గంటల తర్వాత తిరిగొచ్చి వాణ్ని కొట్టొచ్చు.

నెగడు అన్నాను కదా. మీలో పొగాకు పండించే ఇళ్లవాళ్లుంటే ఇది వెంటనే తెలుస్తుంది. జనవరి, ఫిబ్రవరి రాత్రుళ్లు బ్యారన్ దగ్గర, అంటే పచ్చి పొగాకుని వేడితో ఆరబెట్టే కొట్టం దగ్గర, కాపలా పడుకునేవాళ్లం. లోపల ఆకు ఆరుతుంటే వేడి ఎక్కువ కాకూడదు, తగ్గకూడదు, రాత్రంతా ఎవరో ఒకరు లేచి మొద్దులు సర్దుతూ ఉండాలి. పొయ్యి నోరు ఎర్రగా ఉంటుంది, దాని ముందు నాలుగడుగుల వెలుగు, ఆ తర్వాత ఏమీ కనపడదు. ఆ నాలుగడుగుల్లో కూర్చుంటే ప్రపంచంలో ఇంతకంటే క్షేమమైన చోటు లేదనిపించేది. చుట్టూ అంత చీకటి లేకపోతే ఆ వెలుగుకి అంత విలువ లేదు. ఈ ఆటల్లో వాతావరణం, వాతావరణం అని అందరూ అంటారే, అది పొగమంచు బొమ్మలు గీస్తే రాదు. కాసేపు కూర్చోగల చోటు ఒకటి ఉండి, అక్కణ్నుంచి లేచి చీకట్లోకి పోవాల్సిన పని ఉండాలి. పైగా ఆ నెగడు దగ్గర కూర్చుంటే మీరు చంపిన శత్రువులంతా మళ్లీ లేస్తారు. విశ్రాంతికి కూడా ధర ఉంది.

ఈ ఆటలు తీసిన పెద్దమనిషి హిదెతాకా మియజాకి. షిజువోకాలో పుట్టాడు. ఇంట్లో పుస్తకాలు కొనే స్తోమత లేదు, లైబ్రరీ నుంచి తెచ్చుకునేవాడు. వాటిలో ఇంగ్లీషు ఫాంటసీ పుస్తకాలు ఆ వయసుకి సగమే అర్థమయ్యేవట. అర్థంకాని సగాన్ని బొమ్మలు చూసి ఊహించుకునేవాణ్నని ఆయనే ఇంటర్వ్యూల్లో చెప్పాడు. తర్వాత సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఫుమితో ఉయెదా తీసిన ఐకో అనే ఆట, 2001 నాటిది, ఆడాక ఈ పనిలోకి రావాలనుకున్నాడు. 29 ఏళ్లకి, జీతం తగ్గించుకుని, 2004లో ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్‌లో చేరాడు. అక్కడ ఎటూ తేలకుండా పడి ఉన్న ఒక ప్రాజెక్టుని చేతిలోకి తీసుకున్నాడు. అదే 2009లో వచ్చిన డీమన్స్ సోల్స్. అప్పట్లో సోనీలో పెద్ద హోదాలో ఉన్న షుహేయి యోషిదా విడుదలకి ముందు రెండు గంటలు ఆడి మొదటి చోటు దాటలేకపోయాడు. అమెరికాలో సోనీ దాన్ని విడుదల చెయ్యలేదు, అట్లస్ అనే ఇంకో కంపెనీ చేసింది. సోనీ వదులుకోవడం తప్పని తర్వాత యోషిదానే బయటికి చెప్పాడు. 2014 నాటికి మియజాకి ఆ కంపెనీకి అధ్యక్షుడు.

సగమే అర్థమైన పుస్తకం సంగతి దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే అది మన జిల్లా సంగతి కూడా. నన్నయ భారతం అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయింది. నెల్లూరు తిక్కనగారు విరాటపర్వం నుంచి అందుకుని చివరిదాకా రాశారు. మధ్యలో ఖాళీ అలాగే ఉండిపోయింది. నన్నయ తర్వాత దాదాపు మూడు వందల ఏళ్లకి మన అద్దంకి ప్రోలయ వేమారెడ్డి ఆస్థానంలో ఉన్న ఎర్రాప్రగడ దాన్ని పూరించాడు. తన పేరు వేసుకోలేదు, నన్నయ రాసినట్టే రాజరాజనరేంద్రుడికే అంకితంగా రాశాడు. మొదట నన్నయలా మొదలై చివరికొచ్చేసరికి తిక్కన దగ్గరకి చేరే నడక అది అని మా తెలుగు మాస్టారు చెప్తుంటే ఒళ్లు జలదరించేది. ఖాళీకి రెండు అంచులున్నాయి, ఈ పక్క నన్నయ, ఆ పక్క తిక్కన. ఆ అంచులు గట్టిగా ఉన్నాయి కాబట్టి ఎర్రన పూరించగలిగాడు.

మియజాకి ఆటల్లో కథ అలాగే ఉంటుంది. ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. ఒక ఉంగరం దొరికితే దాని వివరంలో రెండు వాక్యాలు. ఒక శవం ఏ తలుపుకి ఎదురుగా పడి ఉందో అది. కొత్తగా రాసేవాళ్లు దీన్ని చూసి "ఏమీ చెప్పకపోతే లోతుగా ఉంటుంది" అనుకుంటారు. అది పొరపాటు. అంచులు లేకుండా వదిలేస్తే ఖాళీ కాదు, శూన్యం. డార్క్ సోల్స్‌లో ఒక బూడిదరంగు తోడేలుంది, పేరు సిఫ్. ఆర్టోరియస్ అనే యోధుడి సమాధికి కాపలా కాస్తుంది, మనిషంత కత్తి నోట కరుచుకుని పోరాడుతుంది. ప్రాణం అయిపోవచ్చే వేళకి అది కుంటడం మొదలుపెడుతుంది. కత్తి ఊపబోయి తూలి పడుతుంది. అయినా సమాధి ముందునుంచి జరగదు. ఇంకో దెబ్బ వెయ్యడానికి ఎంతమందికి చెయ్యి రాలేదో. 2012లో వచ్చిన అదనపు భాగంలో దాని చిన్నప్పటి సంగతి తెలుస్తుంది. ఆ భాగంలో దాన్ని ముందే కాపాడి తర్వాత ఇక్కడికొస్తే, తోడేలు మిమ్మల్ని వాసన చూసి గుర్తుపడుతుంది. గుర్తుపట్టి కూడా పోరాడుతుంది, కాపలా కాబట్టి. ఒక్క మాట లేదు అక్కడ.

ఆ టీంలో ఒక చిత్రకారుడు చచ్చి కుళ్లిన డ్రాగన్ బొమ్మ గీసి తెచ్చాడట, పురుగులు పట్టి అసహ్యంగా. మియజాకి దాన్ని వెనక్కి పంపాడు. అంత గొప్ప జీవి అంతులేకుండా క్షీణిస్తోందంటే అందులో ఎంత దుఃఖం ఉండాలి, అది గీయమన్నాడు. నా కింద పనిచేసే పిల్లలకి ఈ సంగతి ప్రతి ఏడాదీ చెప్తాను. భయపెట్టడం తేలిక. శత్రువుకి కూడా ఒక గౌరవం ఉంచడం చాలా కష్టమైన పని.

ఇంకొకటి చెప్పి ప్రశ్నలకి వస్తాను. మంచు పడ్డ ఒక ఘాటు రోడ్డు మీద కార్లు ఎక్కలేక ఆగిపోయాయి. మియజాకి కారు కూడా. వెనక కారువాడు ముందు కారుని ఆనుకుని తోశాడు, వాడి వెనకవాడు వాణ్ని. అలా అందరూ ఎక్కేశారు. ఆగి కృతజ్ఞత చెబుదామంటే తన కారు మళ్లీ ఆగిపోతుంది. సాయం చేసినవాళ్లెవరో తెలియకుండానే పోయారు. ఆయన ఆటల్లో మల్టీప్లేయర్, అంటే వేరే ఆటగాళ్లు మన ఆటలోకి వచ్చే ఏర్పాటు, అంతా అందులోంచి వచ్చింది. మీరు ఆడుతుంటే ఎవరో ఎక్కడో రాసిన ఒక చిన్న సందేశం నేల మీద వెలుగుతుంది, "ముందు జాగ్రత్త" అని. నెత్తుటి మరక తాకితే అక్కడ ఇంకొకరు ఎలా చచ్చిపోయారో నీడలా కనపడుతుంది. ఆ మనిషి బ్రెజిల్‌లో ఉన్నాడో బెల్లంకొండలో ఉన్నాడో తెలియదు. వానాకాలం రేగడిలో ట్రాక్టర్ దిగబడితే ఎవరి పొలంలోంచి ఎవరు పరుగెత్తుకొచ్చి భుజం పెట్టారో చూసుకోనట్టే. ఒంటరితనం అంత పెద్దదిగా ఉన్న ఆటలో ఈ ముక్క లేకపోతే నేను మధ్యలోనే వదిలేసేవాణ్ని.

ఇక అడగండి.

ప్రశ్న: సార్, మరి ఈజీ మోడ్ ఎందుకు పెట్టరు? అందరికీ అంత టైము ఉండదు కదా.

మంచి ప్రశ్న. 2019లో సెకిరో వచ్చినప్పుడు దీని మీద పెద్ద గొడవే జరిగింది. నా అభిప్రాయం చెప్తాను. మన దగ్గర ఎడ్ల బండలాగుడు పందేలు చూశారు కదా. ఎడ్ల వయసుని పళ్లతో లెక్కేస్తారు. పాలపళ్ల విభాగం ఉంటుంది, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆపైన సీనియర్లు. ఏ విభాగానికి ఆ బండ. పాలపళ్ల జత గెలిస్తే "చిన్న బండేలే" అని ఎవరైనా అన్నారా? ఈల వేసి మరీ చప్పట్లు కొడతారు. జనానికి కావాల్సింది ఆ జత తన బండని నిజంగా లాగడం. కాబట్టి విభాగాలు పెడితే ఆట చెడిపోతుందనే వాదన నేనొప్పుకోను. చెయ్యి సరిగా పనిచెయ్యనివాళ్లు, చూపు తక్కువున్నవాళ్లు ఉన్నారు, బటన్లు మార్చుకునే వీలు, అక్షరాలు పెద్దవి చేసుకునే వీలు ఇవ్వకపోవడానికి ఏ సిద్ధాంతమూ సాకు కాదు. కానీ మెనూలో "సులభం" అని ఒక మీట పెట్టి దెబ్బలు సగం చేస్తే సరిపోతుందా అంటే, అదీ కాదు. ఎల్డెన్ రింగ్ చేసిన పని నాకు నచ్చింది. ఒక బాసు దగ్గర ఆగిపోతే వదిలేసి ఇంకో దిక్కుకి పోవచ్చు, బలం పెంచుకుని రావచ్చు, ఆత్మల్ని తోడు పిలుచుకోవచ్చు, తోటి ఆటగాణ్ని పిలుచుకోవచ్చు. ఏడాది తిరిగేసరికి 2 కోట్లకి పైగా కాపీలు అమ్ముడయ్యాయి. తోడు పిలుచుకుంటే అది గెలుపు కాదనేవాళ్లుంటారు. వాళ్ల మాట పట్టించుకోకు బాబూ. పిలుచుకునే గంట ఆ ఆట తీసినవాళ్లే నీ చేతికిచ్చారు.

ప్రశ్న: సార్, మాకు పెద్ద టీం లేదు, డబ్బుల్లేవు. ఇలాంటిది చెయ్యాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఒక గదితో మొదలుపెట్టమ్మా. రాజ్యాలు, వంశాలు, వంద పేజీల చరిత్ర రాసుకోవద్దు. ఒక గది, ఒక శత్రువు, రెండు తలుపులు. నువ్వు చూసిన గదే అయితే మంచిది, మీ ఊరి పాత చావడో, ఎండిపోయిన దిగుడుబావో. కోటలు, డ్రాగన్లు మనవి కాకపోయినా ఆడతాం, కానీ కట్టేటప్పుడు మన చెయ్యి తెలిసిన రాయి కావాలి. కట్టాక నీకు తెలియనివాళ్లని కూర్చోబెట్టు. వాళ్ల వెనక నిలబడు, నోరు తెరవొద్దు. "అటు కాదు, ఇటు" అని నీ నాలిక చివరికొస్తుంది, మింగెయ్యి. వాళ్లు చచ్చిపోయినప్పుడు వాళ్ల మొహం చూడు, తెర చూడొద్దు. తమ మీద విసుక్కుంటున్నారా, నీ మీద విసుక్కుంటున్నారా, మొహంలో తెలిసిపోతుంది. నీ మీదైతే ఇంటికిపోయి ఆ రాత్రే సరిచెయ్యి.

నేనొకటి తెచ్చాను. ఇదిగో, ఈ ల్యాప్‌టాప్‌లో ఉంది. మూడు నెలలుగా సాయంత్రాలు కూర్చుని చేస్తున్నాను. ఒకటే చోటు, పాత పొగాకు బ్యారన్, రాత్రి. లైట్లు కాస్త తగ్గించండి. అడిగింది నువ్వే కదా, రా అమ్మా, ముందు నువ్వు కూర్చో. కంట్రోలర్ తీసుకో. ఎడమ పుల్లతో నడక, కుడి పుల్లతో చూపు. ఇంతకంటే నేనేమీ చెప్పను. మీరెవరూ చెప్పొద్దు, వెనకాల వాళ్లు కూడా.

ఊఁ, నడువు.